ఉప్పు చూసిన మనిషి

"కొట్టుండ్రి! వంట జేసింది వీడే!"

ఎస్సై హెప్సిబా జీపు దిగేసరికి బోథ్ స్కూలు ఆవరణ రణరంగంలా ఉంది. పప్పూ మాంసంతో వండిన దాల్చా నేలపాలై, దాని పెద్ద గిన్నె డేక్సా బోర్లా పడి ఉంది. తల్లిదండ్రులంతా అజీముద్దీన్‌ను చుట్టుముట్టారు. వాళ్లలో శ్యాంసుందర్ అనే తండ్రి అతని కాలరు పట్టుకున్నాడు.

హెప్సిబా లాఠీతో నేల మీద కొట్టింది. "చెయ్యి తియ్యి!"

గుంపు ఒక్క అడుగు వెనక్కి జరిగింది. శ్యాంసుందర్ మాత్రం కాలరు వదల్లేదు.

నిరుడు వానలకు స్కూలు షెడ్డు గోడ కూలింది. ఐదో తరగతి మహిమ దాని కింద పడి చచ్చిపోయింది. ఆ గోడను మళ్లీ కట్టడానికే ఈ భోజనాల అమ్మకం. తల్లిదండ్రులే వండి, వాళ్లే అమ్ముతున్నారు. ఇదే స్కూల్లో చదివే షాహీన్ తండ్రి అజీముద్దీన్ కూలి తీసుకోకుండా వంటకు దిగాడు.

గోడ కమిటీ పెద్ద ఫిలిప్ దొప్పలో దాల్చా తాగాడు. నురగలు కక్కుతూ పడిపోయాడు. అతన్ని ఎక్కించుకుని అంబులెన్స్ అప్పటికే ఆదిలాబాద్ బయల్దేరింది.

కానిస్టేబుల్ గోపాల్ ఆ దొప్ప వాసన చూశాడు. "పత్తికి కొట్టే పురుగుల మందు, మేడం."

"ఏం జరిగింది, అజీం భాయ్?"

"ఉప్పు చూడమన్న మేడం. గంతే. సారు ఒక్క గుక్కల తాగిండు."

"నువ్వెందుకు చూడలే?"

"రంజాన్ రోజా ఉన్న గదా."

"మనుషులను సంపుకుంట రోజానా?" శ్యాంసుందర్ పళ్లు కొరికాడు.

హెప్సిబా చూపు నేల మీదికి పోయింది. ఒలికిన దాల్చాను రెండు కుక్కలు నాకుతున్నాయి. తోకలు ఊపుతున్నాయి.

"ఎప్పట్నుంచి నాకుతున్నయ్?"

"డేక్సా తన్నినప్పట్నుంచి, అరగంటాయె," అన్నారు గుంపులో ఎవరో.

"అయితే మందు డేక్సాలో లేదు. దొప్పలో ఉంది. దొప్ప ఎవరిచ్చిన్రు భాయ్?"

"పీట మీదున్నది. ఒక్కటే ఉన్నది. తడిగుంటే కడిగిపెట్టిన్రనుకున్న."

"ముందుగాల ఫిలిప్ సార్‌నే అడిగినవా?"

"లే మేడం. సంతోషమ్మక్కను అడిగిన. పాపం, ఆమెకు గూడ ఉపాసమేనంట. మీ శ్రమకాలం గదా. 'సార్‌ను చూడమను, పెద్దమనిషి' అన్నది."

హెప్సిబా ఉలిక్కిపడింది. ఆమెదీ అదే చర్చి సంఘం. పొద్దున ఆరాధన నుంచే నేరుగా డ్యూటీకి వచ్చింది.

చెట్టు నీడలో సంతోషమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. ఇంత గొడవలోనూ ఆమె తలెత్తలేదు.

"అక్కా, ఉపాసమా?"

"ఆఁ."

"ఇయ్యాల ఆదివారం."

కత్తి ఆగింది.

"ఈస్టర్ ముందు శ్రమకాలంల నలభై దినాలు ఉపాసమున్నా, మన సంఘపోళ్లు ఆదివారం ఉండరు. నీకు తెలుసు, నాకు తెలుసు. అజీం భాయ్‌కు తెల్వదు. ఉపాసమంటే ఆయన మారుమాట అడగడని గా మాటన్నవ్." హెప్సిబా గుంపు వైపు తిరిగింది. "మీరంతా వండినోణ్ని పట్టుకున్నరు. ఉప్పు చూడనన్నదెవరో ఒక్కరు అడగలే!"

గోపాల్ ఫోన్ మోగింది. విని, గొంతు తగ్గించాడు. "తొవ్వలనే పాణం పోయిందంట, మేడం."

సంతోషమ్మ నిండుగా ఊపిరి పీల్చుకుంది. నిరుడు వానల తర్వాత ఆమె ముఖం అంత తేటగా ఎవరూ చూడలేదు.

"గీ ఫోన్ కోసమే కూసున్న."

ఆమె కూలిన గోడ వైపు చెయ్యి చూపింది. "ఫిలిప్ సిమెంటు మింగి ఇసుకతోని లేపిండు. గా గోడకు ఇటుకలు మోసిందాన్ని నేనే, బిడ్డా. స్కూలుకు సాయమని మోసిన. నా పిల్ల మీదనే పడ్డది. మల్ల గదే గోడకు గాయననే పెద్దను జేసిన్రు. మీరు సుత చప్పట్లు గొట్టిన్రు!"

గుంపు కూలిన గోడ వైపు తిరిగింది.

శ్యాంసుందర్ తడబడ్డాడు. "మేడం... అంటే సంపింది..."

"ఆమెనడుగుడెందుకు? నన్నడుగు. భాయ్‌ను ఇడువు ముందుగాల," అంది సంతోషమ్మ.

అతని చెయ్యి కాలరు మీంచి జారింది.

సంతోషమ్మ ఒళ్లోని ఉల్లిపొట్టు దులుపుకుని లేచి నిలబడింది.

"రాసుకో హెప్సిబా. ఫిలిప్‌ను దొప్పల మందు పోసి సంపింది మహిమను గన్న అవ్వ, సంతోషమ్మ."