వినికిడి కుండ

ఆ వారం సోమపురంలో ఏ ఇంటి తలుపు తీసినా మొలకెత్తిన రాగుల వాసనే. చంద్రుడి మీద కట్టిన ఆ గాజు గుమ్మటంలో ఏడాదికోసారి బీరు సంబరం జరుగుతుంది. ఇంట్లో కాచిన బీరును ఎవరి కుండతో వాళ్ళు మోసుకురావాలి.

అవి మామూలు కుండలు కావు. ఒకప్పుడు చెడిన బీరు తాగి వీధి వీధంతా మంచం పట్టాక, శాస్త్రజ్ఞులు వినికిడి కుండను తయారుచేశారు. లోపల ఈస్టు పులిసే సవ్వడిని సెన్సర్లతో వింటుంది. బయట మనుషుల గొంతులూ వింటుంది. జరిగిందేమిటని అడిగితే నోరు తెరిచి చెబుతుంది కూడా. ఎవరి గొంతులోనైనా భయం పలికితే, ఏదో ప్రమాదం ఉందనుకొని ఎర్రదీపం వెలిగించి, క్రిములు చావడానికి కాస్త వేడి పెంచుతుంది. ఆ వినికిడిని ఆపడానికి చట్టం ఒప్పుకోదు.

వకుళ కుండలో ఉన్నది తండ్రి పానకాలు భూమి నుంచి తెచ్చిన ఈస్టు. ఆయన పోయాక ఆయన చేతి రుచి బతికున్నది ఆ నురగలోనే. ఈసారి సంబరంలో నాన్న బీరు పోస్తానని వకుళ అందరికీ చెప్పుకుంది.

తల్లి సుభద్రకు అదే దిగులు. కూతురు పనికెళ్ళగానే కుండ పక్కన చేరేది. చెడిపోదు కదా, తాగినవాళ్ళకి ఏమైనా అయితే పిల్ల మీదికి రాదు కదా అని దాన్నే అడిగేది. ఎర్రదీపం వెలిగితే, పోనీలే, కాపలా కాస్తోందని ప్రాణం కుదుటపడేది. కాసేపటికి మళ్ళీ అడిగేది.

సంబరంలో మొదటి గ్లాసును వకుళ తండ్రి స్నేహితుడు దావీదు అందుకున్నాడు. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"గంజి బాగుందమ్మా," అన్నాడు.

వకుళ కుండను అడిగింది, ఏమైందని.

"వేడికి ఈస్టు చచ్చిపోయింది. మీ ఇంట్లో ఎవరో రోజూ భయపడ్డారు. నేను కాపాడాను," అంది కుండ.

సుభద్ర తలెత్తలేదు. "నేనేనే తల్లీ. నీకేం ముంచుకొస్తుందోనని..."

వకుళ కుండను ఎత్తుకొని ఇంటిదారి పట్టింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది సుభద్రకి.

ఇంటికొచ్చాక ఫ్రిజ్ మూలనున్న సీసా తీసింది వకుళ. తండ్రి దాచిన ఈస్టులో అదే ఆఖరి చెంచాడు. దాన్ని కుండలోని చల్లారిన రాగుల నీళ్ళలో వంచింది. సుభద్ర గుమ్మం అవతలే, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఊపిరైనా వినపడనీయకుండా నిలబడింది.

వకుళ కుండ మీదికి వంగింది.

"ఇదైనా బతుకుతుంది కదా?"

అచ్చం తల్లి గొంతే.

ఎర్రదీపం వెలిగింది.