ఇంజను వేడెక్కిన రోజు

మంగాయమ్మ చేపల పులుసు దించి, అన్నం వార్చి, వీధి గుమ్మంలోకి వచ్చి చెవి ఒగ్గింది. సఖినేటిపల్లి రేవుకి ఎన్ని పడవలొచ్చినా తమ ఇంజను చప్పుడు ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. ఆవేళ పొద్దెక్కినా ఆ చప్పుడు లేదు.

"మీ నాన్నా, అల్లుడూ ఇంకా రాలేదేవిటే?" అంది, కొబ్బరి తురుముతున్న కూతురితో.

"వస్తారులేమ్మా. వలలో చేప బాగా పడిందేమో," అంది సత్యప్రియ.

చేప పడలేదు. పడవ చచ్చినట్టు మరో పడవ వెనక తాడుకి వేలాడుతూ వచ్చింది. కాసేపటికి మామా అల్లుళ్ళు ఇంజనుని మోసుకొచ్చి పెరట్లో దించారు. కాలిన వాసన వంటింటిదాకా కొట్టింది.

"ఏమైందండీ?" అని కంగారుగా అడిగింది మంగాయమ్మ.

"ఏమవుద్ది? ఏటి మధ్యలో పొగలు కక్కి ఆగిపోయింది. నీ అల్లుణ్ణే అడుగు!" అన్నాడు వీరవెంకటరమణ. మంచివాడే కానీ కోపమొస్తే ముందూ వెనకా చూసుకోడు. బావి దగ్గరికెళ్ళి బిందె నిండా నీళ్ళు తెచ్చి ఇంజను మీద కుమ్మరించబోయాడు.

"వద్దండి మావయ్యగారూ! వేడి మీద నీళ్ళు పోస్తే బీటలిస్తుందండి," అంటూ దుర్గేష్ అడ్డుపడ్డాడు. అదే పెద్ద తప్పయిపోయింది.

"ఇప్పుడు నాకు నేర్పుతావా? పోటు దిగిపోయేక బురద మీంచి తోలొద్దని చెప్పేనా లేదా? నేను వల సర్దుకుంటుంటే చూడననుకుని తోలేసేవు!"

"నేను తోలలేదండి."

"పైగా అబద్ధం! నీ సొంతదైతే ఇలాగే తోలేవాడివా? పరాయి సొమ్ము కాబట్టి తోలేవు."

దుర్గేష్ మొహం నల్లబడింది. అంతర్వేది నుంచి ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాడతను. మామగారు ఎన్నిసార్లు కసురుకున్నా నవ్వి ఊరుకునేవాడు. ఈ మాటకి మాత్రం నవ్వలేదు. గదిలోకెళ్ళి చొక్కాలు సంచీలో కుక్కుకుని వచ్చాడు.

"మా అన్నయ్య పడవెక్కుతానండి అత్తయ్యగారూ. సొంత చోట అయితే ఈ మాట పడక్కర్లేదు."

"ఆయన వెళ్తే నేనూ వెళ్తాను," అంది సత్యప్రియ.

మంగాయమ్మ గబగబా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చూపు సరిగ్గా ఆనక ఆవిడ చిన్న చేపలు బాగు చెయ్యలేకపోతే, వీధిలో మగాళ్ళు నవ్వినా సరే, పక్కన కూర్చుని కత్తిపీట అందుకునేవాడు అల్లుడు. కొడుకు లేడన్న దిగులు ఆ పిల్లాడు వచ్చాకే మర్చిపోయింది. ఇటు మొగుడు, అటు కూతురూ అల్లుడూ. మధ్యలో తను అడకత్తెరలో పోకచెక్క.

"నాన్నా, ఆయన తప్పయితే అప్పుడు అనండి. ముందు విప్పి చూడండి," అని గట్టిగా అంది సత్యప్రియ.

"నేను చూస్తానండి," అన్నాడు దుర్గేష్, సంచీ అరుగు మీద పెట్టి. "వెళ్ళేవాణ్ణి ఎలాగూ వెళ్తాను. ఎందుకాగిందో తేల్చే వెళ్తాను."

ఇంజను చల్లారేదాకా అందరూ తలోదిక్కున కూర్చున్నారు. పులుసు కూడా చల్లారింది. తినే నాథుడు లేడు.

తర్వాత దుర్గేష్ ఇంజనుని కొబ్బరి మొద్దుకి బిగించి, కింద డ్రమ్ము పెట్టి నీళ్ళు నింపి తాడు లాగాడు. ఇంజను పలికింది. ఆడేటప్పుడు అది కింద నుంచి నీళ్ళు పీల్చుకుని, ఒళ్ళు చల్లబరుచుకుని, పక్కనున్న చిన్న కన్నంలోంచి ధారగా చిమ్మాలి. చుక్క రాలేదు. వెంటనే ఆపేసి, ఆ కన్నంలో సన్నటి తీగ పెట్టి చూశాడు. లోపల ఏ అడ్డూ లేదు.

"నీళ్ళు బయటికి రాకపోవడం కాదండి. అసలు లోపలికే వెళ్ళట్లేదు."

డ్రమ్ము పక్కకి లాగి, ఇంజను అడుగున నీళ్ళు పీల్చుకునే చీలికల్లో చీపురు ఈనె గుచ్చాడు. దిగలేదు. బలంగా గీకితే మెత్తటి ముద్ద ఒకటి ఊడి అరచేతిలో పడింది. పైన మట్టి, లోపల పచ్చగా పసుపు.

దగ్గరగా వంగి చూస్తున్న మంగాయమ్మ ఆ పచ్చదనం చూడగానే పోల్చుకుంది.

ప్రతి శుక్రవారం గడపకి రాసినట్టే ఇంజనుకీ పసుపు రాసి బొట్టు పెట్టేది ఆవిడే. ఏటినీళ్ళకి కొట్టుకుపోతోందని, ఆముదం కలిపి మరీ మెత్తింది. నీళ్ళలో దిగే భాగానికి రక్ష ఎక్కువ కావాలని అక్కడ ఇంకాస్త దట్టంగా పట్టించింది. పైపైది ఏరు కడిగేసింది. చీలికల్లో దూరింది వారం వారం పేరుకుపోయింది.

దుర్గేష్ తలెత్తి అత్తగారి మొహం చూశాడు. గుప్పిలి మూసేశాడు.

"మట్టండి మావయ్యగారూ," అన్నాడు.

"చెప్పేనా! బురద మీంచి తోలేవన్నమాటేగా?"

"ఆయ్," అన్నాడు తలొంచుకుని.

తేలు కుట్టిన దొంగలా ఆవిడ నోరు మూసుకుంటే అక్కడితో సరిపోను. కానీ చెయ్యని తప్పు తన కోసం నెత్తిన వేసుకుని, సంచీ పట్టుకుని పోతున్నవాణ్ణి చూస్తూ ఎలా ఊరుకుంటుంది?

"మట్టి కాదండీ," అంది. "నా పసుపు. ఆ పిల్లాడు ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వెళ్తుంటే భయమేసి, చల్లగా ఉండాలని ఆముదం కలిపి రాసేను. చెయ్యి విప్పు బాబూ, చూపించు."

దుర్గేష్ గుప్పిలి విప్పాడు.

"అత్తయ్యగార్ని ఏవీ అనకండి," అన్నాడతను మెల్లిగా.

వీరవెంకటరమణ ఆ పచ్చటి ముద్ద వంక చూసి, అరుగు మీద కూలబడ్డాడు. "దాన్నేవంటాను? ప్రతి శుక్రవారం ఆ పసుపు చూసి దణ్ణం పెట్టి పడవెక్కింది నేనేగా. నిన్నే, అనరాని మాట అన్నాను."

దుర్గేష్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. అడుగు భాగం విప్పితే, నీళ్ళు తోడే రబ్బరు చక్రం రెక్కలు మాడి విరిగిపోయి ఉన్నాయి. "చక్రం మారిస్తే చాలండి. మిగతాదంతా బాగానే ఉంది. నేను నర్సాపురం వెళ్ళి తెస్తాను."

"నువ్వు కూర్చుని అన్నం తిను," అన్నాడు మామగారు, చొక్కా తగిలించుకుంటూ. ఎండలో గబగబా రేవు దాటడానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి కొత్త చక్రం బిగించి, చీలికలన్నీ శుభ్రంగా కడిగి, మళ్ళీ తాడు లాగారు. ఒక్క క్షణం ఏమీ లేదు. అంతలోనే కన్నంలోంచి నీళ్ళు సర్రున చిమ్మి సత్యప్రియ చీర తడిపేశాయి. ఆ పిల్ల కెవ్వున అరిచి నవ్వింది. మంగాయమ్మ మాత్రం పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పొద్దున్నుంచి గుండెల మీదున్న బండ దిగిపోయిన ఏడుపది.

శుక్రవారం వచ్చింది. అలవాటుగా పసుపూ కుంకుమా తెచ్చిందే గానీ, ఇంజను ముందు బిక్కమొహం వేసుకుని నిలబడిపోయింది మంగాయమ్మ. వల భుజాన వేసుకుంటున్న వీరవెంకటరమణ ఆగాడు.

"దానికెందుకే?" అన్నాడు. "మన పిల్లాడికి పెట్టు."

దుర్గేష్ వచ్చి ఆవిడ ముందు తల వంచాడు. మంగాయమ్మకి చూపు సరిగ్గా ఆనక, బొట్టు కాస్త వంకరగా పడింది. సరిచెయ్యబోతే, "ఉండనివ్వండి అత్తయ్యగారూ," అని నవ్వుతూ పడవ వైపు నడిచాడు.