పెట్టెల గదిలో కడ్డీ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా బావమరిది. ఆ ప్రయోగశాలలో రాత్రి కాపలా వాడిదే. పిరికివాడే గాని అబద్ధాలకోరు కాదు.

అక్కడి పెట్టెల గదికి చెడ్డపేరుంది. పక్క హాల్లో పెద్ద ఇనప గొట్టముంది. అందులోకి పిడుగంత కరెంటు ఒక్కసారిగా వదిలితే లోపలి గాలి నిప్పై, ఓ అల దెబ్బలా లేస్తుంది. కంటికానని రేణువులు ఆ అలకి కొట్టుకుని, వెనక్కి పోయి, మళ్ళీ కొట్టుకుని... అలా వేగం పెంచుకుంటాయట.

ఆ కరెంటు దాచేది ఈ పెట్టెల్లోనే. ఖాళీ చేసినా ఊరుకోవు — వాటంతటవే మళ్ళీ కొంత కూడగట్టుకుంటాయి. అందుకే పనయ్యాక రాగి కొక్కెమున్న కడ్డీ వాటికి తగిలించే ఉంచాలి. ఉన్నదంతా నేలలోకి పోతుంది.

మా అన్నయ్య ఆ గది మెకానిక్కు. అక్కడే పోయాడు. కడ్డీ తగిలించడం మరిచాడన్నారు. తిండి కూడా ఆ గుమ్మం దగ్గరే ఒక్కడూ కూర్చుని తినే మనిషి... మరిచాడట!

మొన్న రాత్రి కరెంటు పోయింది. ఆ గదిలో నీళ్ళు కారుతున్న చప్పుడు. బావమరిది టార్చి పట్టుకుని వెళ్ళాడు. గుమ్మం దాటగానే టార్చి ఆరిపోయింది. గోడ కోసం చెయ్యి చాపాడు...

టక్—

చెయ్యి పెట్టబోయిన చోటే — అది గోడ కాదు, పెట్టె — నీలంగా ఓ మెరుపు. ఆ వెలుగులో, పెట్టెకి తగిలి ఊగుతున్న కడ్డీ.

"ఎవరది...?"

ఎవరూ లేరు.

పొద్దున్న మేడమ్‌కి చెప్పాడు. ఆ గదికి పెద్ద ఆవిడే. మొహం పాలిపోయింది.

"కడ్డీ నిన్న నేనే కింద పడేసి వెళ్ళిపోయానయ్యా, తొందరలో... ఎవరితో అనకు."

"దెయ్యమైతే నీ టార్చి కూడా బాగుచేసి ఇచ్చేదిరా," అన్నాను నేను, వాడు ఇదంతా చెప్పగానే.

"నవ్వకు బావా," గుసగుసగా అన్నాడు. "కడ్డీ పిడి తలుపు వైపు తిరిగుంది."

నా నవ్వు ఆగిపోయింది. అందరూ పిడి గోడ వైపే పెడతారు. లోపలికొచ్చేవాడికి గుమ్మంలోంచే కనబడాలని తలుపు వైపు తిప్పేది ఒక్కడే — మా అన్నయ్య.

ఇన్నేళ్ళూ ఆ చీకట్లో... ఒక్కడూ...

ఆ తలుపు మీద ఇప్పటికీ ఒక పలకుంది: 'మరిచినవాడు చనిపోయాడు, మీరు మరవకండి.' అది పీకించండి. నా రాత వంకర, లేకపోతే నేనే రాసేవాణ్ణి. ఆ మేడమ్ చేతే రాయించండి — మా అన్నయ్య మరిచిపోలేదని.