ఏడో పొర

తమ్ముడు చంద్రుడి మీద పని చేస్తాడని మా అక్క తన అత్తగారింట్లో గొప్పగా చెప్పుకుంటుంది. నిజానికి నేను ఇసుక జల్లిస్తాను.

చంద్రుడి మీద మెల్లగా దిగే నౌకలు వేరేవాళ్లవి. మాది బాణంలా దూసుకెళ్లి నేలలో దిగబడే గొట్టం, చెయ్యంత పొడవు. అంత దెబ్బ తిన్నాక కూడా లోపలి బ్యాటరీ బతికుంటే, అది అక్కడి నేల కబుర్లు చెబుతుంది. తట్టుకుంటుందో లేదో చూడ్డానికి ముందుగా ఇక్కడే పెద్ద తుపాకీతో దాన్ని ఇసుక పీపాలోకి పేలుస్తారు. ఆ పీపాను అందరం చంద్రుడనే పిలుస్తాం. పొరకు ఇరవై దెబ్బల చొప్పున దిమ్మిసతో కొట్టి, జల్లించిన ఇసుక నింపడం నా ఉద్యోగం. కాబట్టి అక్క అబద్ధమాడుతోందని అనలేను.

బ్యాటరీ తయారుచేసింది మా ఇంజనీరు మేడమ్. మొదటిరోజే ఆమె పరీక్ష గది అద్దం అవతల నిలబడి, "మీ చంద్రుడు వంకరగా ఉన్నాడండీ" అంది. వంకర చూసేవాళ్ల కళ్లలో ఉంటుందన్నాను. మట్టం పెట్టి చూస్తే చంద్రుడే వంకర.

ఆ తర్వాత ఆమె రోజూ అద్దం దగ్గరికి వచ్చేది. నేను పొట్ట లోపలికి పీల్చి దిమ్మిస ఎత్తేవాణ్ణి. ఊపిరి బిగబట్టి ఇసుక కొట్టడం ఎంత నరకమో అనుభవిస్తే గాని తెలియదు.

ఆఖరి పరీక్షలో గొట్టం ఇసుకంతా చీల్చుకుని అడుగునున్న ఇనప పలకను గుద్దింది. బ్యాటరీ రెండు ముక్కలైంది. మర్నాడు సమావేశంలో మా పెద్దాయన, ఈ బ్యాటరీ లాభం లేదు, పాతదే వాడదామన్నాడు. మూడేళ్ల కష్టం ఆమెది. తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే ఆమె మూడేళ్లు పోతాయి. ఎలా లేచానో తెలియదు.

"బ్యాటరీ తప్పు కాదు సార్. ఏడో పొర నేను సరిగ్గా కొట్టలేదు."

"ఎన్ని దెబ్బలు కొట్టావు?"

"పదకొండు. ఇరవై అయిపోయాయనుకున్నా."

"లెక్క ఎందుకు తప్పింది?"

"అప్పుడు మేడమ్ నవ్వారు సార్."

గదిలోని ఇంజనీర్లందరూ ఒక్కసారిగా తమ ముందున్న కాగితాలు చదవడం మొదలుపెట్టారు. పెద్దాయన మాత్రం 'కారణం' అన్న గడిలో ఆ మాటను పొల్లుపోకుండా రాసుకున్నాడు.

"ఆమంటే నాకిష్టం సార్. అది రాయకండి" అన్నాను. రాసేశాడు.

మళ్లీ పరీక్ష పెడదామని, అందాకా కొత్త బ్యాటరీయే ఉంటుందని చెప్పి, ఆయన కింది గడి చూపించాడు. ఇలాంటిది ఇంకోసారి జరగకుండా ఏం చేస్తామో అక్కడ రాయాలట.

నేను వేరే విభాగానికి వెళ్లిపోతానని అనబోయాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"ఇకనుంచి అద్దం అవతల నిలబడను సార్. ఈయన పక్కనే ఉండి దెబ్బలు నేను లెక్కపెడతాను."

"ఎన్నాళ్లు?" అన్నాడు పెద్దాయన, రాస్తూనే.

ఆమె నా వైపు చూసింది. నేను పొట్ట లోపలికి పీల్చాను.

"దానికి కూడా గడి ఉందా సార్?"

"లేదమ్మా."

"అయితే రాయకండి."