ఆగి పడే మూడో దెబ్బ

మనవాళ్లు పనులకి వలసొచ్చి ఉంటున్న గుఢియారీలో, రైలు పట్టాల పక్కన పాత క్వార్టర్ల వరస ఒకటుంది. కూల్చేస్తామని గోడల మీద ఎర్ర గుర్తులు పెట్టారు గానీ కూల్చలేదు. తలుపులు, కిటికీ చువ్వలు ఎవరో ఊడదీసుకుపోయారు. చీకటి పడ్డాక ఆ వరసలో చివరి ఇంట్లోంచి ఢోలక్ చప్పుడు వస్తుందని మన తెలుగువాళ్లే కాదు, కూరల బండ్లవాళ్లు కూడా చెప్పుకునేవారు. తాగినవాళ్లు సైతం అటు పోయేవారు కాదు.

ఆ ఢోలక్ ఎవరిదో కూడా అందరికీ తెలుసు — పరదేశిది. కామెర్లతో పోయి ఏడాది దాటింది. బతికున్నప్పుడు ఆ ఖాళీ ఇంట్లోనే సాధన చేసుకునేవాడు.

ఈశ్వర్ మాత్రం నవ్వేసేవాడట. చచ్చినవాడికి ఢోలక్ ఎందుకు, మోసే నలుగురుంటే చాలదా అనేవాడట.

ఈశ్వర్‌ది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. కీబోర్డు తనే వాయిస్తాడు. పక్కన ఢోలక్ పరదేశిది; ఇద్దరూ చిన్నప్పట్నుంచి జంట. ఆ తరవాత ఈశ్వర్ కలకత్తా నుంచి ఎవరో వాడి వదిలేసిన డ్రమ్ మిషన్ ఒకటి తెచ్చాడు. కొన్నాళ్లకి పరదేశి ఆర్కెస్ట్రాకి రావడం మానేశాడు. ఏమయ్యిందని ఎవరైనా అడిగితే, వాడికి వయసు మీద పడుతోంది కదా అనేవాడు ఈశ్వర్.

ఆ మిషన్ సంగతి కొంచెం చెప్పాలి. బొత్తాలు నొక్కి తాళం ఎక్కిస్తే, అది ప్రతి దెబ్బనీ సర్దుకుని గీత గీసినట్టు సమంగా వాయిస్తుంది. తప్పుండదు. విన్నవాడి కాలూ కదలదు. ఆ సర్దుడు ఆపేసి మనిషిచేత కొట్టిస్తే మాత్రం, ఆ మనిషి చెయ్యి ఎలా పడిందో అలాగే దాచుకుంటుంది. ఈశ్వర్ మిషన్‌లో ఉన్న తాళానికి బారాత్‌లో ముసలివాళ్లు కూడా ఆడేవారు. మూడో దెబ్బ రవ్వంత ఆగి పడేది. ఆ రవ్వంతలోనే నడుము ఊగేది.

కాలనీ పెద్ద మల్లేశ్వరరావుగారి అమ్మాయి పెళ్లి వచ్చింది. ముందు రోజు ఈశ్వర్ మిషన్ పెట్టి చూస్తే — ఖాళీ. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుందట. అది చచ్చిపోయింది, దాంతోపాటు మిషన్ అంతా మరిచిపోయింది. కొత్తది వేస్తే మళ్లీ పనిచేస్తుంది గానీ పోయినది ఇంక రాదని రిపేరు చేసేవాడు తేల్చి చెప్పాడు.

మధ్యాహ్నమంతా ఈశ్వర్ దాని ముందే కూర్చున్నాడు. మూడో దెబ్బని కొంచెం వెనక్కి జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. చప్పుడు పెంచాడు, తగ్గించాడు. ఎన్నేళ్లో పక్కన కూర్చుని విన్న తాళం, చెవి అంచున ఆడుతూనే ఉంది... చేతికి మాత్రం రావడం లేదు. కుంటివాడు మెట్లు దిగుతున్నట్టుంది అంది వంటింట్లోంచి భార్య భావన.

సాయంత్రం మల్లేశ్వరరావుగారు విన్నారు. ఆయన ఉర్లాలో ఫ్యాక్టరీ మనిషి. ఇలాంటిది రోజూ అక్కడ ప్రెస్సు మిషన్ దగ్గర వింటూనే ఉన్నాను, ఇది వినడానికి పెళ్లి చెయ్యాలా అన్నారు. పొద్దుటికి ఆ పాత తాళం రాకపోతే వేరే ఆర్కెస్ట్రా పార్టీని పిలుచుకుంటానన్నారు. ఆయన కాదన్నాక కాలనీలో ఇంకెవరూ పిలవరని ఈశ్వర్‌కి తెలుసు.

మిషన్ సంచి భుజాన వేసుకుని పట్టాల వెంట ఇంటిదారి పట్టాడు. కరెంటు పోయింది. చివరి క్వార్టరు దగ్గరకి వచ్చేసరికి...

టక్, టక్... టక్.

ఆగిపోయాడు.

మళ్లీ అదే. రెండు దెబ్బలు వెంటవెంటనే... మూడోది రవ్వంత ఆగి.

కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. చెయ్యి మాత్రం — అప్పుడే తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఇంకొకడైతే పరుగెత్తేవాడు. ఈశ్వర్ ఇంకా దగ్గరికి నడిచాడు. ఆ ఆగడం ఎంతో పట్టుకోవాలి... తెల్లారేలోగా మిషన్‌లోకి ఎక్కించాలి. గుమ్మం దాటాడు.

చప్పుడు ఆగింది.

మూల ఒక ఆకారం. గోడకి ఆనుకుని... కూర్చుని ఉంది.

ఈశ్వర్ దాని ముందు మోకరిల్లాడు.

"పరదేశీ... తప్పయిపోయిందిరా."

ఆకారం కదల్లేదు.

"నీ తాళం తప్పలేదురా. నేనే అన్నాను... మూడో దెబ్బ ఆలస్యంగా పడుతోంది, చెయ్యి చెడిపోయింది, జనం నవ్వుతున్నారు అని. ఆ దెబ్బ కోసమే కదరా నీచేత మిషన్ మీద కొట్టించుకున్నది. అది నా దగ్గరికి వచ్చేశాక... నువ్వెందుకు అనిపించింది."

దూరంగా గూడ్సు బండి ఒకటి పోయింది.

"మళ్లీ సెప్పు."

ఆడగొంతు.

అగ్గిపుల్ల గీసుకుంది. దాలమ్మ — పరదేశి భార్య. ఒళ్లో ఖాళీ నూనెడబ్బా.

అద్దె గది ఖాళీ చేయించారట. రాత్రుళ్లు ఇక్కడికొచ్చి పడుకుంటోంది. తలుపు లేని ఇల్లు. డబ్బా మోగిస్తూంటే దెయ్యమనుకుని తాగుబోతులు అటు రారు. ఆమెకి వచ్చిన తాళం అదొక్కటే, మొగుడి దగ్గర విన్నది.

దెయ్యం కాదనేసరికి ఈశ్వర్‌కి ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే పెళ్లి గుర్తొచ్చింది. అంత సిగ్గులోనూ నోరు ఆగలేదు.

"వదినా... రేపు పెళ్లుంది. ఆ తాళం ఒక్కసారి వాయించవూ."

దాలమ్మ ఇంకో పుల్ల గీసి అతని మొహం దగ్గర పెట్టి చూసింది.

"నువ్వలా అన్నాక, సిల్తారాలో ఫేక్టరీ డూటీ సేసొచ్చి ఇక్కడే కూకుండీవోడు," అంది నెమ్మదిగా. "గడియారం ఎదురుగా ఎట్టుకుని, తెల్లార్లూ కొట్టీవోడు. మూడోది టైముకి పడాల, పడితే పార్టీలోకి మళ్లీ రానిమ్మని ఈశ్వర్‌ని అడుగుతాననీవోడు. జ్వరంలో కూడా మంచం పట్టె మీద అదే పని."

పుల్ల ఆరిపోయింది.

"సెయ్యి సెడిపోనాదనుకునే పోనాడు."

ఈశ్వర్ చీకట్లో ఆమె కాళ్ల కోసం తడిమాడు. ఆమె కాళ్లు ముడుచుకుంది. డబ్బా ఒళ్లోకి లాక్కున్న చప్పుడయ్యింది.

"పెళ్లన్నావు కదా... ఇనుకో."

టక్. టక్. టక్. టక్.

ఎక్కడా ఆగడం లేదు. మిషన్‌కన్నా సమంగా, ఒక్కటీ అటూ ఇటూ పోకుండా, చీకట్లోంచి వచ్చి అతని మొహానికి తగులుతున్నాయి ఆ దెబ్బలు.

"సరీగా పడతన్నాదా?" అని అడిగింది, చెయ్యి ఆపకుండా. "సెప్పు మరిదీ... ఇప్పుడు టైముకి పడతన్నాదా?"