కొత్త కంప్యూటర్‌లో పాత డీకోడర్

"డేగా! నీ బావమరిది శత్రువుల ముఠా చెరలోంచి తప్పించుకున్నాడు. ఎక్కడ దాక్కున్నాడో ఈ కోడ్ మెసేజ్‌లో ఉంది. వాళ్లకంటే ముందు మనం చేరకపోతే ప్రాణాలతో దక్కడు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ డీకోడర్ మీద క్లిక్ చేశాడు. 'ఈ ప్రోగ్రామ్ ఈ సిస్టమ్‌లో నడవదు' అంది స్క్రీన్. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే పాట.

డేగకి ఒళ్లు మండిపోయింది. డిపార్ట్‌మెంట్ ఈమధ్యే కంప్యూటర్లన్నీ మార్చేసి, పాతవాటిని తుక్కు కింద అమ్మేసింది. డీకోడర్ వాటిమీద తప్ప నడవదన్న సంగతి ఒక్క మహానుభావుడికీ గుర్తు రాలేదు.

టెక్నికల్ సెక్షన్ నుంచి 'నెమలి' దిగింది. సిల్క్ స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. ఆమె వస్తుంటే గార్డులు ఐడీ కార్డు అడగడం మర్చిపోతారు.

"కొత్త కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి పాత కంప్యూటర్ ఒకటి తయారు చేద్దాం. వర్చువల్ మెషీన్. అందులో పెడితే డీకోడర్ తనింకా పాతకాలంలోనే ఉన్నాననుకుంటుంది."

"మా చీఫ్‌లాగా," గొణిగాడు డేగ.

మొదటిసారి మెమరీ చాలలేదు. రెండోసారి స్క్రీన్ నల్లబడింది. ఆ తర్వాత మౌస్ బాణం ఆ ఉత్తుత్తి కంప్యూటర్లోకి దూరి బయటికి రానంది. ఈలోగా భార్య ఫోన్.

"ఏమండీ, తమ్ముడి సంగతేమైంది?"

"ఇన్‌స్టాల్ అవుతోంది."

"వాడి ప్రాణం గురించి అడుగుతుంటే ఇన్‌స్టాల్ అంటారేంటండీ!"

డేగ బల్లని గుద్దాడు. తుపాకీ గురిపెట్టినవాడితో ఎలా మాట్లాడాలో తెలుసు. ఈ మొండి కంప్యూటర్‌తో ఎలా వేగాలో తెలియక ఏడుపొచ్చినంత పనైంది.

ఎట్టకేలకు డీకోడర్ తెరుచుకుంది. నెమలి గోడలోంచి నెట్ కేబుల్ లాగి కంప్యూటర్‌కి తగిలించింది.

"నెట్ లేకపోతే ఇది పనిచేయదు. ఎంటర్ నొక్కండి."

డేగ వేలు గాల్లోనే ఆగింది. ఇదే డీకోడర్‌ని నడిసముద్రంలో, నెట్ అన్నదే లేని పడవలో ఎన్నోసార్లు వాడాడు. మరి ఇప్పుడు నెట్ ఎందుకు? విప్పిన మెసేజ్ ఎవరికి పంపడానికి?

అంతలో నెమలే చెయ్యి చాచి ఎంటర్ నొక్కేసింది. మెసేజ్ కోడ్ వీడింది. కింద 'పంపుతోంది' అన్న మాట వెలిగింది. డేగ ఒక్క ఉదుటున కేబుల్ పీకేశాడు.

'కనెక్షన్ లేదు. పంపలేకపోయాం.'

నెమలి లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. డేగ ఆమె మణికట్టు పైకి విరిచిపట్టాడు. గుండు సీలింగ్‌లోకి పోయింది. గార్డులు పరిగెత్తుకొచ్చారు.

స్క్రీన్ మీద మెసేజ్: 'బావా, పాత లైట్‌హౌస్ కింద గదిలో ఉన్నాను. తొందరగా రా. అక్కకి చెప్పకు.'

సాయంత్రానికి బావమరిది ఆఫీసులో కూర్చుని టీ తాగుతున్నాడు. చీఫ్ పొంగిపోయాడు.

"శభాష్ డేగా! ఏం కావాలో కోరుకో."

"కంప్యూటర్లన్నీ మార్పించిన ఆఫీసర్ని శత్రువుల హెడ్‌క్వార్టర్స్‌కి పంపించండి సార్. ఇక మనం తుపాకీ పట్టాల్సిన పనుండదు."