వెంటపడే నలభై రాయి

ఉత్తరాన ఆ కొసకి విసిరేసినట్టున్న రెండు ఊళ్ళ మధ్య, సరస్సు గట్టు వెంట పోయే దారికి చెడ్డపేరుంది. అక్కడొక మైలురాయి మనుషుల వెంటపడుతుందట. అవతలి ఊరు నలభై కిలోమీటర్లని రాసున్న రాయిని దాటి పోతూ ఉంటారు... పోగా పోగా మళ్ళీ అదే రాయి, అదే నలభై! చలికాలంలో ఆ పక్క మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే చీకటి పడుతుంది. పాపం, దెయ్యానికి పనిగంటలు ఎక్కువే.

వ్యాను డ్రైవరు ఈ కబుర్లకి పడీపడీ నవ్వేవాడు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. అవతలి ఊళ్ళో చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. ఇక్కణ్ణించి నర్సమ్మను తీసుకెళ్ళాల్సిన విమానం మంచుకి ఎగరలేదు. చెల్లెలి మొగుడు బతిమాలిన ప్రతి డ్రైవరూ "ఆ దారినా? చీకట్లోనా?" అని ఫోను పెట్టేశాడు. చివరికి అన్నే నర్సమ్మను ఎక్కించుకుని బయల్దేరాడు.

మొదటి రాయి కనబడింది. నలభై.

"అమ్మయ్య, ఇంకెంతసేపు పెద్దమ్మా!" అన్నాడు హుషారుగా.

చాలాసేపు నడిపాడు. లైట్ల వెలుగులో ఇంకో రాయి... నలభై.

వేగం పెంచాడు. మలుపు తిరగ్గానే — నలభై!

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"పెద్దమ్మా..." అన్నాడు గుసగుసగా, "వెనక్కి తిప్పేయనా?"

"అక్కడ నీ చెల్లెలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది. బండి పోనీ."

నర్సమ్మ తన శాలువా తీసి పక్క కిటికీ అద్దానికి అడ్డం కట్టేసింది.

"రాళ్ళు చూడకు నాయనా. రోడ్డు చూడు."

అలాగే పోయారు. ఊరి దీపాలు కనబడేసరికి డ్రైవరుకి ఏడుపొచ్చినంత పనైంది.

నర్సమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎంతోసేపటికి పసిగొంతు కేరుమంది. "ఆడపిల్ల! ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కారు" అంది బయటికొచ్చి.

వంటింట్లో టీ తాగుతూ డ్రైవరు రాయి సంగతి చెప్పాడు. విమానాల ఆఫీసులో పనిచేసే బావ మొహం తెల్లబోయింది.

"అయ్యో... ఆ రాళ్ళకి అంకెలిచ్చింది నేనే. రోడ్డువాళ్ళు దూరాలు అడిగితే, ఆఫీసు గోడమీది మ్యాపుమీద దారం పెట్టి కొలిచిచ్చాను. మా లెక్కలో దూరమంటే గాల్లో దూరమే కదా! ఈ ఊరేమో సరస్సులోకి పొడుచుకొచ్చిన కొనమీద ఉంది. గట్టు చుట్టూ ఎంత తిరిగినా, నేరుగా కొలిస్తే అదే నలభై..."

"ఆ దారప్పోగుకి జడిసే ఇవాళ నీ ఇంటికి ఒక్క డ్రైవరూ రానన్నాడు!" అన్నాడు అన్న.

బావ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. చెప్పుకోలేని సిగ్గుతో వెక్కివెక్కి ఏడ్చాడు.

లోపల్నించి చెల్లెలి గొంతు నీరసంగా వినబడింది. "ఏమండీ! పిల్లని తర్వాత ఎత్తుకుందురుగానీ, ముందు రంగుడబ్బా తీసుకెళ్ళండి."

మర్నాడే వెళ్ళాడు. ఒక్కో రాయి దగ్గరా గొంతుక్కూచుని అంకెలు మార్చాడు. చీకటి పడింది, ఒంటినిండా మంచు పేరుకుంది, అయినా లేవలేదు. అప్పుడే అటొచ్చిన లారీ లైట్లు అతని మీద పడ్డాయి. అంతే! ఆ లారీ వెనక్కి వెనక్కి ఎంతదూరం పోయిందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడా రాళ్ళు ఎవరి వెంటా పడవు. దారికి చెడ్డపేరు మాత్రం పోలేదు. తెల్లటి దెయ్యమొకటి బ్రష్షు పట్టుకుని దూరాలు దిద్దుతోందట!

"అది నేనేనయ్యా!" అని బావ కనబడ్డవాళ్ళకల్లా మొత్తుకుంటున్నాడు. ఒక్కడూ నమ్మడే...